వెనక చక్రాలను ఎవరూ అడగలేదు

చావబోయే మనిషి అబద్ధం చెప్పడన్న నమ్మకంతో కోర్టులు మరణ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకుంటాయి. ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే సెకండ్ హ్యాండ్ ఆల్ వీల్ డ్రైవ్ కారు ఓనర్ తన బండి గురించి ఇచ్చే వాంగ్మూలానికి కూడా అదే హోదా కల్పించాలని ఈ వ్యాసకర్త సవినయంగా కోరుతున్నాడు. 1872 నాటి సాక్ష్య చట్టాన్ని పక్కన పెట్టి 2024 జులై నుంచి కొత్త చట్టం అమల్లోకి తెచ్చిన పెద్దలకు ఇంత ముఖ్యమైన సంగతి తట్టకపోవడం విచారకరం. "బండి మీద ఒక్క రూపాయి ఖర్చు లేదండీ" అనే ఓనర్ ముఖంలో కనిపించే ప్రశాంతత మామూలు మనుషులకు రాదు. దానికి ఎంతో కొంత సాధన కావాలి. షెడ్డు బిల్లులూ కావాలి.

అలాగని ఓనర్లు అబద్ధాలాడతారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ల పద్దులు రాసే తీరు వేరు, అంతే. బ్యాటరీ పోతే ఆ ఖర్చు మన ఎండల ఖాతాలో పడుతుంది. సస్పెన్షన్ బుష్‌లు పోతే రోడ్లు వేసిన కాంట్రాక్టర్ ఖాతాలో పడుతుంది. ఏసీ కంప్రెసర్ పోయిందనుకోండి, "అది ఏ బండికైనా పోతుందండీ" అని ధర్మఖాతాలో రాసేస్తారు. అన్నీ పోగా బండి ఖాతాలో మిగిలేది సున్నా. ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? దానికి ఏకంగా లిఖితపూర్వక అనుమతి ఉంది. ఇది నేను కల్పించింది కాదు, ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్ల మాన్యువల్‌లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ ఖర్చు కావచ్చని అచ్చులో ఉంటుంది. ఆ లెక్కన పది వేల కిలోమీటర్లకు అయిదు లీటర్లు. అంటే ఒక సర్వీసుకూ ఇంకో సర్వీసుకూ మధ్య ఇంజిన్ తనలో ఉన్న ఆయిల్ మొత్తం తాగేసి మళ్లీ పోయించుకున్నా, పుస్తకం ప్రకారం దానికి ఏ జబ్బూ లేనట్టే. డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిల్ డబ్బా పెట్టుకు తిరిగే పెద్దమనిషి ఎదురైతే నమస్కారం పెట్టండి. ఆయన బండి పుస్తకానికి కట్టుబడి నడుస్తోంది.

ఈ బండ్లు మన దాకా ఎలా వస్తున్నాయో కూడా చూడాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు ఔనంది, 2025లో కొంత సడలించింది. ఆ నిషేధం పుణ్యమా అని ఢిల్లీలో రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ జర్మన్ బండ్లు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతబట్టుకుని దక్షిణాదికి వచ్చి, మియాపూర్‌లో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాయి. లైఫ్ ట్యాక్స్ సంగతి కొనేవాడికి తర్వాత తెలుస్తుంది, అది వేరే కథ. విచిత్రం ఏమిటంటే వచ్చిన ప్రతి బండీ డాక్టర్ గారిదే. ఇన్ని కార్లు కొని, ఇంత జాగ్రత్తగా నడిపి, ఇన్ని సార్లు షోరూమ్‌లో సర్వీసు చేయించిన ఢిల్లీ డాక్టర్లు రోగులను ఎప్పుడు చూశారో తెలియదు. ఆ డాక్టర్లు ఎక్కడికీ వెళ్లేవారు కాదని మీటరు కూడా సాక్ష్యం చెబుతుంది. చెన్నైలో 2015 డిసెంబరు, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదలు చూసిన బండ్లను ఏ వృత్తివాళ్లకు అంటగడుతున్నారో ఇంకా తేలలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున ఎండిన బురద చార కనిపిస్తే మాత్రం, ఆ డాక్టర్ గారు పడవలో ప్రాక్టీసు చేసి ఉంటారని అర్థం చేసుకోవాలి.

ఇక అసలు విషయం, నాలుగు చక్రాల శక్తి. ఆడి వాళ్లు 1980లో జెనీవా మోటార్ షోలో క్వాట్రో అనే ఆల్ వీల్ డ్రైవ్ కారును చూపించారు. 1986లో ఫిన్లాండ్‌లోని కైపోలాలో, స్కీయింగ్ వాళ్లు దూకడానికి కట్టిన నిట్టనిలువు ర్యాంపు మీదికి ఒక కారును ఎక్కించి ప్రకటన తీశారు. అంతటి వంశంలో పుట్టిన బండి మన దగ్గర పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు కూడా ఎక్కుతుంది. డిసెంబరులో ఒకసారి లంబసింగికి వెళ్తుంది, తారు రోడ్డు మీదే. దాన్ని ఆంధ్రా కశ్మీర్ అంటారు గానీ, పొగమంచును దాటడానికి కావలసింది ఫాగ్ లైట్లు, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ కాదు. "వర్షాకాలంలో ధైర్యంగా ఉంటుందండీ" అంటారు. ఆ ధైర్యానికి ఆధారం తక్కువే. బండిని ఆపేవి బ్రేకులు, అవి మారుతీ 800కి కూడా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మోకాటి లోతు నీళ్లలో గాలి పీల్చే గొట్టం మునిగితే, రెండు చక్రాలు లాగే కారు ఎలా ఆగుతుందో నాలుగు చక్రాలు లాగేదీ అలాగే ఆగుతుంది. కాకపోతే బిల్లు ఇంకాస్త గౌరవంగా ఉంటుంది.

స్కోడా యెతి, ఆడి క్యూ3 లాంటి బండ్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. మామూలుగా లాగేది ముందు చక్రాలే. అవి జారినప్పుడు హాల్డెక్స్ అనే కప్లింగ్‌లో ఒక చిన్న పంపు ఆయిల్‌ను తోసి క్లచ్ ప్లేట్లను నొక్కితే, అప్పుడు వెనక చక్రాలకు శక్తి అందుతుంది. ఆ ఆయిల్ మూడేళ్లకోసారైనా మార్చాలి. కొన్ని రకాల్లో పంపు దగ్గర సన్నటి జల్లెడ ఉంటుంది. ప్లేట్ల అరుగుదల పొడి పోయి అందులో పేరుకుంటుంది. అది మూసుకుపోతే పంపు కాలిపోతుంది, వెనక చక్రాలకు కరెంటు కట్. చాలాసార్లు డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు కూడా వెలగదు. బండి ముందు చక్రాలతో హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఓనరూ హాయిగానే ఉంటాడు.

ఒక షెడ్డులో జరిగిన సంభాషణ వినదగింది.

"సార్, వెనక చక్రాలకు పవర్ రావట్లేదు. ఊరికే వెంట దొర్లుతున్నాయి."

"ఎప్పటి నుంచి?"

"చెప్పలేం సార్. ఆయిల్ రంగు చూస్తే చాలా ఏళ్లయినట్టుంది."

"చూశావా మరి! పవర్ లేకుండానే ఇన్నేళ్లు లాగింది. ఎంత గట్టి బండయ్యా ఇది!"

ఇలాంటి మనిషికి ఓనర్ల సర్వే వాళ్లు ఏ ప్రశ్నాపత్రం ఇచ్చినా ఆల్ వీల్ డ్రైవ్ అన్న గడిలో పదికి పది వేస్తాడు. ఎన్నడూ పని చెప్పని అవయవం మీద ఫిర్యాదు ఎలా వస్తుంది? రెనో డస్టర్ ఓనర్లు ఈ విషయంలో మరింత నిజాయితీపరులు. ఆ బండిలో 2డబ్ల్యూడీ (రెండు చక్రాలకే శక్తి), ఆటో, లాక్ అని తిప్పుకునే గుండీ ఉంటుంది. మైలేజీ కోసం దాన్ని 2డబ్ల్యూడీలో పెట్టి, ఇక తిప్పరు. అంతా కళ్లెదుటే.

టైర్ల దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు, జాలి వేస్తుంది. "టైర్లు ఎనభై శాతం ఉన్నాయండీ" అంటారు. నిజమే, వెనక రెండూ ఉన్నాయి. ముందు రెండూ వేరే కంపెనీవి, అరిగినవి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, కాబట్టి అదే దూరానికి ఎక్కువ సార్లు తిరగాలి. ముందు ఒక వేగం, వెనక ఒక వేగం. ముందువెనకలు ఎప్పుడూ కలిసి లాగే బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ లాంటి బండ్లలో ఆ తేడాను మధ్యలో ఉండి రెండు వైపులకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ క్లచ్ మింగాలి. తిన్నని రోడ్డు మీద కూడా అది రుద్దుకుంటూ, వేడెక్కుతూ, అరుగుతూ ఉంటుంది. "రెండు చాలు సార్, ఇవి ఇంకా పదివేలు తిరుగుతాయి" అన్న టైర్ షాపు కుర్రాడి సలహాతో మిగిలింది వేలల్లో, తర్వాత పోయేది లక్షల్లో. ఆ లక్షలు కూడా బండి ఖాతాలో పడవు. అవి బ్యాడ్ లక్ ఖాతాలో పడతాయి.

జర్మన్ ఇంజినీర్ల ఆత్మవిశ్వాసం కూడా తక్కువదేమీ కాదు. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్‌ను (ఇంజిన్ కవాటాలను వేళకు తెరిపించే గొలుసు) వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. ఎవరి చేయీ పడని చోట పెడితే ఎవరూ పాడు చేయలేరని కాబోలు. అది తనంతట తానే సాగి చప్పుడు మొదలుపెడితే, ఇంజిన్ దించాలి లేదా గేర్‌బాక్స్ ఊడదీయాలి. అప్పుడు బండి చెడిపోయినట్టు కాదు, "సర్వీసులో ఉన్నట్టు". పార్ట్ ఢిల్లీలోని స్పేర్ పార్టుల బజారు కశ్మీరీ గేట్ నుంచి రావాలంటారు. బండి వచ్చిన దారినే అదీ వస్తుంది, బండి కంటే నెమ్మదిగా.

కాబట్టి కొనబోయేవాళ్లు ఓనర్ గారితో మాట్లాడటం పూర్తయ్యాక, మంచినీళ్లు తెచ్చిన ఆవిడతో కూడా రెండు మాటలు మాట్లాడాలి.

"బండి బాగుంటుందా అండీ?"

"బాగుంటుంది అన్నయ్య గారూ. మా మరిది పెళ్లికి మాత్రం క్యాబ్‌లో వెళ్లాం."

"అప్పుడది సర్వీసులో ఉందిలే" అని హాల్లోంచి వినిపిస్తుంది.

"దసరాకి కూడా."

ఈ రకం సాక్ష్యాన్ని ఆర్టీఏ వాళ్లు ఇంతవరకు గుర్తించలేదు. ఓనర్‌షిప్ మారాలంటే ఫారం 29, ఫారం 30 అడుగుతున్నారు. వాటికి తోడు ఇంకో కాగితం పెట్టి అందులో ఓనర్ గారి భార్యా, మెకానిక్కూ, టైర్ షాపు కుర్రాడూ వేర్వేరు గదుల్లో కూర్చుని సంతకాలు చేయాలని నా ప్రతిపాదన. దీన్ని అమలు చేస్తే సెకండ్ హ్యాండ్ మార్కెట్ వారంలో మూతపడుతుందని ఒక బ్రోకర్ హెచ్చరించాడు. ప్రతిపాదన మంచిదేనన్న నమ్మకం నాకు అప్పుడే కుదిరింది.

ప్రస్తుతానికి ఫారం 30 మీద అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరే సంతకం చేస్తున్నారు. కొన్నవాడు సంతకం పెట్టి, తాళం తీసుకుని, ఆర్టీఏ ఆఫీసు గేటు దాటేలోపే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. పక్క సీట్లో ఉన్న బావమరిది వంగి చూసి "ఏంటి బావా అది?" అంటాడు.

"సెన్సర్ అయ్యుంటుందిరా. ఈ బండ్లకి మామూలే."