ఊరికే వచ్చిన లినక్స్

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకి చుట్టాలు ఎంతమందో ఒక పట్టాన లెక్క తేలదు. పెళ్లికి పిలిస్తే రానివాళ్లు కూడా నెలకోసారి ఫోన్ చేసి ముందు ఆరోగ్యం, తర్వాత వానలు, ఆ తర్వాత అసలు సంగతి అడుగుతారు. "మూడు వందల రూపాయల టికెట్లు ఎప్పుడు వదులుతారు?"

నెలాఖరు దగ్గర పడ్డాక ఒకరోజు పొద్దున పదింటికి ఆ ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదులుతారు, మూడు నెలల ముందే. మా నాయనకి రిటైరైన తర్వాత అదే ఉద్యోగం. చుట్టాల ఆధార్ నంబర్లన్నీ ఒక పాత డైరీలో రాసిపెట్టుకుని, పది కొట్టకముందే హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఆ టైములో ఇంట్లో మిక్సీ కూడా వేయకూడదు. మిక్సీకీ నెట్‌కీ ఏం సంబంధమని అడిగినవాళ్లు లేరు.

ఆ లాప్‌టాప్ 2012 నాటిది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, అంత పాత మెషీన్లో అది లేదు. అలాగని లాప్‌టాప్ ఏమీ ఆగిపోలేదు, ఎప్పటిలాగే మూలుగుతూ నడుస్తోంది. కానీ స్క్రీన్ మీద వచ్చిన నోటీసు మా నాయన కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివాడు. "గడువైపోయిన దాంట్లో ఊరందరి ఆధార్ నంబర్లూ కొట్టేదానికి నాకు మనసొప్పదు" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఈ కథ మొత్తంలో తెలివైన మాట అదొక్కటే.

సరిగ్గా ఆ శనివారమే బెంగళూరు బస్సు దిగాడు మా బావమరిది. అక్కడేదో కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో ఏది రిపేరుకొచ్చిందన్నా వాడి మొహం వెలిగిపోతుంది.

"కొత్తది కొనడం ఎందుకు మామా? విండోస్ బదులు లినక్స్ వేసేస్తా. పైసా ఖర్చు లేదు."

"ఊరికే ఇస్తా ఉండారా?" అంది మా అమ్మ వంటింట్లోంచి. "ఎందుకంట?"

వాడు ఉత్సాహంగా చరిత్ర మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ కుర్రాడు సరదాకి మొదలుపెట్టాడని, ఇప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద సర్వర్లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయని, మన ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపల ఉన్నది కూడా అదేనని చెప్పాడు. మా నాయన అందులో ఒక్క ముక్కే పట్టుకున్నాడు.

"సరదాకా? మీ రాజమండ్రి పిన్ని వాళ్ల టికెట్లు సరదాకి చేసిన దాంట్లో బుక్ చేయమంటావా?"

చివరికి విండోస్ తీసేయకుండా దాని పక్కనే లినక్స్ పెట్టాలని రాజీ కుదిరింది. లినక్స్‌లోనే మింట్ అనే రకం, దాదాపు 3 జీబీ దిగింది. దాన్ని ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ కావాలి. బావమరిది కిందికి వెళ్లి ఒకటి పట్టుకొచ్చాడు. పెన్‌డ్రైవ్‌కి ఇన్‌స్టాలర్ రాసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని వాడికి తెలుసు. అది మా కారు స్టీరియోకి గుచ్చిన పెన్‌డ్రైవ్ అనీ తెలుసు. అందులో మా ఆవిడ ఏళ్ల తరబడి ఏరి ఏరి వేయించుకున్న పాటలున్నాయని మాత్రం తెలీదు. ఆ సంగతి మరుసటి రోజు తిరుచానూరు దారిలో బయటపడింది. దాని గురించి ఇక్కడ రాయను. అక్కాతమ్ముళ్ల విషయం.

లాప్‌టాప్ ఆన్ చేయగానే, దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ రావాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో కీ. ఎఫ్2 అంటాడు, ఎఫ్12 అంటాడు, ఎస్కేప్ అంటాడు, ఇంతలో విండోస్ వచ్చేస్తుంది. మళ్లీ ఆఫ్, మళ్లీ ఆన్. ఆఖరికి పై వరుసంతా రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టాడు.

"హార్మోనియం వాయించినట్టు వాయిస్తా ఉండాడే!" అంది మా అమ్మ, కాఫీ తెచ్చి.

ఏ కీకి వచ్చిందో వాడికీ తెలీదు, మొత్తానికి మెనూ వచ్చింది. అక్కడి నుంచి ఇన్‌స్టలేషన్ చక్కగా సాగిపోయింది, చెప్పుకోవడానికేమీ లేదు, మధ్యలో ప్రపంచ పటం వచ్చి మనం ఎక్కడున్నామో చూపించమనడం తప్ప. ఇండియా మీద ఎక్కడ నొక్కినా కింద కోల్‌కతా అనే పడుతోంది.

"మనం కలకత్తాకి ఎప్పుడు పోయినాం?" అన్నాడు మా నాయన.

"దేశం మొత్తానికీ ఒకటే టైము కదా మామా, ఈ లిస్టులో దాని పేరు కోల్‌కతా."

"తిరుపతి అని రాస్తే ఏం పోయింది?"

దానికి జవాబు మా ఎవ్వరి దగ్గరా లేదు.

ఇన్‌స్టాల్ అయింది. రీస్టార్ట్ చేశాం. పచ్చ పచ్చగా, చూడముచ్చటగా వచ్చింది. వైఫై మాత్రం లేదు. వైఫై చిప్‌ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ విడిగా దించుకోవాలట. దించుకోవాలంటే నెట్ ఉండాలి. నెట్ రావాలంటే ఆ డ్రైవర్ ఉండాలి. ఈ మాట బావమరిది చెప్పగానే మా నాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆయన ముప్పయ్యేళ్లు ప్రభుత్వ ఆఫీసులో పనిచేసిన మనిషి. "ఇది నాకు అర్థమైంది" అన్నాడు.

దీనికో దారుంది. ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఫోన్ నెట్ కేబుల్ మీదుగా లాప్‌టాప్‌కి వస్తుంది, వైఫైతో పనే లేదు. ఇది నిజంగా పనికొచ్చే చిట్కా, గుర్తుపెట్టుకోండి. కాకపోతే మా ఇంట్లో ఉన్న కేబుళ్లన్నీ చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరానివి. వాటిలో కరెంటు పోతుంది, డేటా పోదు. చూడ్డానికి అన్నీ ఒకటే. ఒక్కొక్కటి గుచ్చడం, ఫోన్లో టెథరింగ్ బటన్ బూడిద రంగులోనే ఉండిపోవడం, తీయడం. మా ఆవిడ మేడ మీద వాటాలో ఉన్న ఇంజనీరింగ్ పిల్లాడి దగ్గర కేబుల్ అడిగి తెచ్చింది. వాడు కేబుల్‌తో పాటు వచ్చాడు, అయ్యేదాకా పోలేదు.

డ్రైవర్ దిగింది. మళ్లీ రీస్టార్ట్. వైఫై గుర్తు వచ్చింది కానీ ఆన్ కావడం లేదు. బావమరిది కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టాడు. వైఫై ఎక్కడ ఆగిందో అది చెబుతుందట. రెండు లైన్లు వచ్చాయి. సాఫ్ట్ బ్లాక్డ్: నో. హార్డ్ బ్లాక్డ్: యెస్.

"అంటే?" అన్నాను.

"సాఫ్ట్‌వేర్ ఏమీ ఆపడం లేదు బావా. లాప్‌టాప్‌లోనే ఏదో ఆపుతా ఉంది." కీబోర్డు మీద యాంటెన్నా బొమ్మ ఉన్న కీ కోసం అందరం వంగి వెతికాం. లేదు. మేడ మీద పిల్లాడు ఎఫ్ఎన్ కీ పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కాడు. వెలుతురు తగ్గింది, సౌండ్ పెరిగింది, వైఫై రాలేదు.

"వైఫై కార్డు లూజై ఉంటుంది" అన్నాడు బావమరిది. ఆ గొంతులో బాధ కంటే సంతోషమే ఎక్కువ వినిపించింది. స్క్రూడ్రైవర్ అడిగాడు.

లాప్‌టాప్ బోర్లా పడింది. స్క్రూలన్నీ ఒక స్టీలు గిన్నెలోకి చేరాయి. మా నాయన ఆ గిన్నెని ఎవరూ కదిలించకుండా కాపలా కూర్చున్నాడు. టార్చి పట్టే శాఖ నాది. లోపల ఉన్న దుమ్ముతో మొక్క నాటొచ్చు. కార్డు తీశాడు, ఊదాడు, మళ్లీ పెట్టాడు. అంతా బిగించాక గిన్నెలో ఒక స్క్రూ మిగిలింది. "ఇది ఎక్స్‌ట్రా" అన్నాడు. ఇప్పటికీ అది మా టీవీ మీదే ఉంది. ఆన్ చేసి చూస్తే హార్డ్ బ్లాక్డ్: యెస్.

మా అమ్మ కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చింది.

"ఇంకా నెట్ రాలేదా? లైటు ఏసినారా?"

"ఏ లైటు అత్తా?"

ఆమె వంగి, లాప్‌టాప్ ముందు అంచు కింద వేలితో తడిమి, టిక్కుమని పక్కకి జరిపింది. అక్కడ నల్ల ప్లాస్టిక్‌లో కలిసిపోయి గోరంత స్విచ్ ఉంది. ఎర్రగా ఉన్న చిన్న లైటు నీలంగా మారింది. ఎదురింటి వైఫై, మేడ మీద వైఫై, మా వైఫై, అన్ని పేర్లూ బిలబిలమంటూ వచ్చేశాయి.

"రాత్రిపూట ఆ నీలం లైటు కండ్లలో పడతా ఉంటే నిద్ర పట్టదు. పడుకునే ముందు ఆపేస్తా, పొద్దున మీ మామ కూర్చునేటప్పటికి ఏసేస్తా. ఈ పొద్దు మీరంతా దాని మీద పడినారు, నన్ను రానిస్తేనా?"

"ముందే చెప్పకూడదా?" అన్నాడు మా నాయన.

"నన్నెవురు అడిగినారు?"

బావమరిది ఆదివారం రాత్రి బస్సెక్కాడు. టికెట్ల రోజున నాయన, ఎందుకైనా మంచిదని, పాత విండోసే తెరిచాడు. స్క్రీన్ కింద టైము చూస్తే నాలుగున్నర. గోడ గడియారంలో పది. బావమరిదికి ఫోన్ చేస్తే ఆఫీసు మీటింగులోంచే గుసగుసగా చెప్పాడు. లాప్‌టాప్ లోపలి గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైము పెడుతుందట, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుందట, అందుకే సరిగ్గా ఐదున్నర గంటలు తేడా. లినక్స్‌లో ఒక్క కమాండ్ కొడితే సరిపోతుందట. లండన్‌లో ఉన్న మా పెద్దనాన్న మనవడికి ఈ గొడవంతా వీడియో కాల్‌లో చెబితే, వాడు వాచీ చూసుకుని "టైము కరెక్టే కదా తాతా?" అన్నాడు.

ఈ లోపల మేడ మీద పిల్లాడు వీధంతా చెప్పాడు. మొన్న పక్కింటి రిటైర్డ్ మాస్టారు చంకలో తన లాప్‌టాప్ పెట్టుకుని వచ్చారు. వైఫై రావడం లేదట. బావమరిది ఎప్పుడొస్తాడో చెబుదామని నేను లేచేలోపు ఆయన నన్ను దాటుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లిపోయారు.

"అమ్మా, మీరు కొంచెం చూస్తారా?"

మా అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, లాప్‌టాప్ అందుకుని, తిప్పి అంచులన్నీ తడమడం మొదలుపెట్టింది.