సెక్షన్ షఫ్లింగ్ గారికి ఒక ఎల్కేజీ తల్లి లేఖ

మహారాజశ్రీ సెక్షన్ షఫ్లింగ్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమంగా లేం కాబట్టి ఆ ఉభయంలో మా వాటా కూడా మీరే ఉంచుకోండి.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నేను యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే మీరు ఫోన్లో దిగారు. "డియర్ పేరెంట్, మీ పాప రేపటి నుంచి ఎల్కేజీ సి బదులు ఎల్కేజీ ఎ లో కూర్చుంటుంది. సహకరించగలరు." కింద ఒక నమస్కారం బొమ్మ. అంతే.

మా మామగారు ఆ మెసేజ్ రెండుసార్లు చదివారు. ప్రభుత్వ బడిలో టీచరుగా రిటైరైన మనిషి, బదిలీల సంగతి ఆయనకి కొట్టినపిండి. "టీచర్లకైతే ఒక బడిలో ఎనిమిదేళ్ళు నిండితే గానీ తప్పనిసరి బదిలీ లేదమ్మా. ఖాళీల లిస్టు పెడతారు, పాయింట్లు లెక్కేస్తారు, భార్యాభర్తలకి స్పౌజ్ పాయింట్లిస్తారు, ఆప్షన్లు పెట్టుకోమంటారు. దీనికి ఎనిమిది వారాలకే ఆర్డరొచ్చిందేమిటి?" అన్నారు. అభ్యంతరం ఎక్కడ రాయాలో చూద్దామని కళ్ళజోడు తుడుచుకుని ఫోనంతా వెతికారు కూడా. ఆ గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ రాయడానికి లేదు.

ఆ ఎనిమిది వారాల్లో ఏం జరిగిందో మీరెరగరు కదా, చెబుతాను. జూన్ 12న బడి తెరిచారు. మొదటి వారమంతా గేటు దగ్గరే. నా చున్నీ చెంగు వేలికి మూడు చుట్లు చుట్టుకుని వదిలేది కాదు. ఆయమ్మ ఒక్కో చుట్టూ విప్పి ఎత్తుకుపోయేది. రెండో వారానికి ఏడుపు గేటు దాటి గుమ్మం దాకా వెళ్ళింది, దాన్నే ప్రగతి అనుకున్నాం. మూడో వారం ఆటోలో తిన్న ఇడ్లీ ఆటోలోనే కక్కింది. కాస్త దారిన పడిందనుకునేలోపు జలుబు, జ్వరం, వెంటనే బోనాల సెలవు. మళ్ళీ గేటు, మళ్ళీ చున్నీ, మళ్ళీ మూడు చుట్లు.

చివరికి పిల్లని నిలబెట్టింది మిస్సూ కాదు, నేనూ కాదు. ఒక గొడుగు. సి సెక్షన్ గేటుకి ఎదురుగానే ఉంది. గుమ్మం పక్కన బూట్లు పెట్టుకునే చెక్క అర. చదవడం రాని పిల్లలు కాబట్టి పేర్లకి బదులు గడికో బొమ్మ అంటించారు. మా పాపకి ఎర్ర గొడుగు వచ్చింది, ఒక మూల చిరిగితే టేపు వేసినది. పక్క గడి తాబేలు. ఆ పిల్లాడి అసలు పేరు మాకు ఇప్పటికీ తెలియదు. "ఇవాళ తాబేలు రాలేదమ్మా", "తాబేలు నాకు జంతిక పెట్టాడు." ఇంటికొచ్చినవాళ్ళు నీ పేరేంటమ్మా అంటే "గొడుగు" అని చెప్పేది. ఎనిమిదో వారం శుక్రవారం పొద్దున ఆటో దిగి, బూట్లు విప్పి, ఎడమది ఎడమవైపు, కుడిది కుడివైపు సర్ది, వెనక్కి చూడకుండా లోపలికెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర కాసేపు అలాగే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాతి ఆదివారమే మీ రాక.

సోమవారం ఆఫీసు గదిలో అడిగితే "స్ట్రెంత్ బ్యాలెన్స్ చేశామండీ" అన్నారు. ఆగస్టు దాకా అడ్మిషన్లు తీసుకుంటూ వచ్చినవాళ్ళని వచ్చినట్టు సి లో కూర్చోబెట్టారు. ఇప్పుడు అటు బరువెక్కువైందని లారీలో బస్తాలు సర్దినట్టు సర్దారు. ఫీజు గడువు మాత్రం ఒక్క రోజు కూడా అటూ ఇటూ జరగలేదు, చూశాను. పైగా ఓదార్పు: "పిల్లలు రెండ్రోజుల్లో అలవాటు పడిపోతారండీ, టెన్షనంతా పెద్దవాళ్ళకే." ఇది మీ తారకమంత్రం అనుకుంటా. పడిపోతారు, నిజమే. మా పాప పడింది కూడా. ఎనిమిది వారాలు అది చేసిన పని అదే. రిపోర్టు కార్డులో ఆ పనికి గడి లేదు కాబట్టి చెయ్యనట్టే లెక్కేసి, మళ్ళీ మొదటి నుంచి చెయ్యమన్నారు. మూడున్నరేళ్ళ పిల్ల చాకిరీ, కూలి అడగదు కదా.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఉన్న వయసుని కలిపి పునాది దశ అంది. ఐదేళ్ళ పునాది అన్నమాట. ఎనిమిదో వారంలోనే కింది ఇటుక లాగి పక్క గోడలో పెట్టే మేస్త్రీని మిమ్మల్నే చూశాను. బాసరలో అక్షరాభ్యాసం చేయించినప్పుడు సరస్వతమ్మ కూడా ఏ సెక్షనని అడగలేదు.

కొత్త గది మేడ మీద. పద్నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి గానీ తర్వాతి మెట్టు ఎక్కదు. పైకి చేరేసరికి ప్రార్థన అయిపోతోంది. పాత మిస్ ముద్దుపేరుతో పిలిచేది. కొత్త మిస్ హాజరుపట్టీలో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా పిలిస్తే, ఎవరో పెద్దావిడని పిలుస్తున్నారనుకుని పలకలేదట. ఆబ్సెంటు వేశారు.

వచ్చే ఏడు యూకేజీకి మీరెలాగూ వస్తారు. వస్తే జూన్ మొదటి రోజే రండి. అలా కుదరకపోతే ఒక వారం ముందు చెప్పి, రోజూ ఓ పూట పిల్లని ఆ గదిలో కూర్చోబెట్టి తీసుకురండి, తోడుగా తాబేలుని పంపండి. ఆ గొడుగు బొమ్మ చిరగకుండా ఊడదీసి వెంట ఇవ్వండి. టేపు ఖర్చు నాది.

ఇట్లు,
ఎల్కేజీ సి, కాదు కాదు, ఎ సెక్షన్ గొడుగు తల్లి

తా.క.: గొడుగు గడి ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లాడికిచ్చారట. మా పాప రోజూ లంచ్ టైములో పద్నాలుగు మెట్లూ దిగి వెళ్ళి చూసొస్తోంది. "వాడు ఎడమది కుడివైపు పెడుతున్నాడమ్మా" అంది నిన్న. తనే సరిచేసి వచ్చిందట.