మహారాజరాజశ్రీ అయ్యోపాపం గారి సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. నేను కుశలమేనంటే మీకు రుచించదని తెలుసు. చక్రాల కుర్చీలో ఉన్నవాడు బాగున్నానంటే మీ ఉద్యోగానికే ఎసరు కదా. అయినా ఉత్తరం మర్యాద ఉత్తరానిది.

మన పరిచయం ఈనాటిది కాదు. నాకు పోలియో అని డాక్టరు తేల్చిన సాయంత్రం మీరు మా ఇంటికొచ్చారు. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి కూర్చున్నవారు ఇప్పటిదాకా లేవలేదు. పెళ్ళికి వెళ్తే వస్తారు, గుడికి వెళ్తే వస్తారు. హోటల్లో అయితే మరీను. సర్వర్ నా ఎదురుగా నిలబడి, పక్కనున్న మా తమ్ముణ్ణి అడుగుతాడు, "సార్‌కి ఏం కావాలంట?" అని. నడవలేనివాడికి పెసరట్టుకీ మినపట్టుకీ తేడా తెలియదని ఆ కుర్రాడికి నేర్పింది మీరే. ఆ మధ్య ఒక గుడి దగ్గర, మా ఆవిడ మెట్లెక్కి దర్శనం చేసుకొచ్చేదాకా కింద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. జీతం పడిందని బ్యాంకు మెసేజ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన నా ఒళ్ళో పది రూపాయల నోటు వేసి, గోపురానికి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. పుణ్యం ఆయనకి, చిల్లర నాకు. మధ్యవర్తిత్వం మీది.

ఇది ఫిర్యాదు కాదండీ, పరామర్శ. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ అనే ఊళ్ళో మీకు జరిగిన పరాభవం గురించి చదివాను. యాభై ఏళ్ళు దాటినా మీ తరఫున ఎవరూ నోరు విప్పలేదు. పోనీ, నేనే విప్పుతాను.

పాపం, మొదట్లో అక్కడ కూడా మీకు బాగానే జరిగింది. 1953లో ఎడ్ రాబర్ట్స్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి పోలియో వచ్చింది. మెడ కింద దాదాపుగా కదలిక పోయింది. ఊపిరి ఆడాలంటే మూడున్నర క్వింటాళ్ళు దాటిన ఇనుప ఊపిరితిత్తి అనే శ్వాస మిషన్ లోపల పడుకోవాలి. డాక్టరు వాళ్ళమ్మని పిలిచి, పోతేనే మేలు, బతికినా ఓ కూరగాయలా పడి ఉంటాడన్నాడట. మీ మాటే ఆయన నోట వచ్చింది. ఆ కుర్రాడు పెద్దవాడయ్యాక, అయితే నేను ఆర్టిచోక్‌ని అనేవాడు. పైనంతా ముళ్ళు, లోపల మెత్తన. మన పనసకాయ బాపతు. మీకు ఆ ముళ్ళు ఎలా గుచ్చుకున్నాయో ముందుకెళ్తే తెలుస్తుంది.

హైస్కూలు చదువంతా పూర్తిచేసినా అతనికి సర్టిఫికెట్ ఆపబోయారు. కారణం? డ్రైవింగ్ నేర్చుకోలేదు, వ్యాయామం క్లాసు చేయలేదు. ఊపిరికి మిషన్ కావాల్సిన మనిషిని బస్కీలు తీయలేదని ఆపడం! ఇది మీ ఆలోచన కాదని నాకు తెలుసు, ఇది మీ తోబుట్టువు రూలుబుక్కు పని. వాళ్ళమ్మ జోనా పోట్లాడి ఆ కాగితం సాధించింది. ఆ తర్వాత రాష్ట్ర పునరావాస శాఖ, ఇతను ఏ ఉద్యోగానికీ పనికిరాడు, చదువుకి డబ్బు దండగ అని తేల్చింది. సంగతి పత్రికలకెక్కాక దిగొచ్చింది.

1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఇనుప డబ్బా హాస్టల్లో పట్టలేదు కాబట్టి క్యాంపస్ ఆస్పత్రిలో ఒక వార్డు ఇచ్చారు. మీరు ఎంత సంబరపడి ఉంటారో! ఆస్పత్రి మీ పుట్టిల్లాయె. కానీ అతని వెనకే మరొకరు, తర్వాత ఇంకొకరు వచ్చి, ఆ వార్డునే హాస్టల్ చేసేశారు. తమకు తాము రోలింగ్ క్వాడ్స్, అంటే కాళ్ళూ చేతులూ ఆడకపోయినా చక్రాల మీద తిరిగేవాళ్ళు, అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ కబుర్లలో మీ ఊసే లేదు. ఫుట్‌పాత్ అంచుని రోడ్డుదాకా వాలుగా ఎందుకు దించరు? రాత్రిపూట కుర్చీ పాడైతే ఎవరు బాగుచేస్తారు? సాయానికొచ్చే మనిషి పొద్దున్నే ఎగ్గొడితే ఎవరికి ఫోన్ చేయాలి? అన్నీ ఇలాంటి ప్రశ్నలే. కన్నీళ్ళకు ఎక్కడా అవకాశం ఇవ్వలేదు.

1970లో విద్యార్థుల కోసం క్యాంపస్‌లో ఒక సహాయ కార్యక్రమం పెట్టారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి, మాకూ కావాలన్నారు. దాంతో 1972లో, ఒక చిన్న అపార్ట్‌మెంట్లో, సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ మొదలైంది. స్వతంత్రంగా బతకడమంటే అన్నీ సొంతంగా చేసుకోవడం అని మీరు ప్రచారం చేస్తుంటారు. అక్కడివాళ్ళు ఆ ప్రచారం నమ్మలేదు. చొక్కా తొడిగే చేయి వేరేవాళ్ళదైనా ఫర్వాలేదు, ఏ చొక్కా, ఎన్నింటికి అన్నది నా ఇష్టం అన్నారు.

ఇక్కడే మీ పీట కిందకి నీళ్ళొచ్చాయి. అటెండెంట్ సంగతి చూడండి. పాత పద్ధతిలో నర్సు లేపినప్పుడు లేవాలి, వార్డు బాయ్‌కి తీరికైనప్పుడు స్నానం. ఈ కేంద్రం దగ్గర పనికి సిద్ధంగా ఉన్నవాళ్ళ జాబితా ఉండేది. వికలాంగుడే వాళ్ళని ఇంటర్వ్యూ చేస్తాడు, తనని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా దించాలో తనే నేర్పుతాడు, పని నచ్చకపోతే తనే మాన్పిస్తాడు. జీతం సర్కారు సొమ్ములోంచి వచ్చినా పెత్తనం మాత్రం ఆ మంచం మీది మనిషిదే! పక్కనే కుర్చీలు బాగుచేసే షాపు. కొత్తగా కాలో చూపో పోగొట్టుకున్నవాళ్ళకి ధైర్యం చెప్పడానికి, ఏనాడో పోగొట్టుకుని సంసారం ఈదుతున్నవాళ్ళు. ఎవరింట్లో చక్రాల కుర్చీ పట్టే బాత్‌రూమ్ ఉందో చెప్పే అద్దె ఇళ్ళ వివరాలు. ఇన్ని ఉన్నాయి గానీ మీరు కూర్చోవడానికి ఒక స్టూలు కూడా వేయలేదు. వేయరు మరి. వచ్చేవాళ్ళు తమ కుర్చీలు తామే తెచ్చుకునే చోటాయె.

1975లో ఇంకో దెబ్బ. ఏ పునరావాస శాఖ అయితే రాబర్ట్స్ ఉద్యోగానికి పనికిరాడందో, గవర్నర్ జెర్రీ బ్రౌన్ అతన్ని తీసుకెళ్ళి అదే శాఖకి డైరెక్టర్‌ని చేశాడు. ఆ పాత ఫైలు తెప్పించుకుని చదివాడో లేదో గానీ, నేనైతే చదివేవాణ్ణి. రోజూ, టిఫిన్ ముందు.

1977 మాత్రం మీకు మరిచిపోలేని ఏడు. వికలాంగుల పట్ల వివక్ష చూపే సంస్థకి కేంద్ర నిధులు ఉండవని 1973లోనే చట్టం చేసి, నిబంధనల మీద సంతకం పెట్టకుండా నాన్చారు. ఏప్రిల్ 5న దాదాపు 150 మంది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలోకి వెళ్ళి కూర్చున్నారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. ఫోన్లు కోసేస్తే, బధిరులు కిటికీల్లోంచి సైగలతో బయటికి కబుర్లు పంపారు. నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్స్ వేడివేడి భోజనాలు మోసుకొచ్చారు. లోపల ఉన్నవాళ్ళలో జూడీ హ్యూమన్ ఒకావిడ. అప్పటికి బర్క్‌లీ కేంద్రంలో పనిచేస్తున్నారు. ఆ భవనంలోనే జరిగిన విచారణలో ఆవిడ మాట్లాడుతుంటే, ప్రభుత్వం తరఫున వచ్చిన అధికారి ఎంతో ఆర్ద్రంగా తలూపుతున్నాడు. ఆవిడ గొంతు వణుకుతున్నా ఆగి, మేం చెప్పేది మీకు అర్థమవుతోందని నేను అనుకోవడం లేదు, దయచేసి అలా తలూపడం ఆపండి అనేశారు. ఆ తల మీదే కదా అయ్యోపాపం గారూ? ఏప్రిల్ 28న సంతకం పడింది.

ఆపైన అంతా మీకు దిగుడే. 1978లో ఇలాంటి కేంద్రాలకి కేంద్ర నిధులిచ్చేలా చట్టం మారింది. ఇప్పుడు అమెరికాలో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. వాటి బోర్డుల్లో సగానికి మించి వికలాంగులే ఉండాలన్నది షరతు. జపాన్‌లో హచియోజీ అనే ఊళ్ళో 1986లోనే ఒకటి వచ్చింది. బర్క్‌లీలో 2010లో రాబర్ట్స్ పేరుతో ఒక భవనమే లేచింది, రైలు స్టేషన్‌ని ఆనుకుని. లోపల అడుగుపెట్టగానే పై అంతస్తుదాకా చుట్లు తిరుగుతూ ఎర్రటి ర్యాంపు. మన దగ్గరలా వెనకవైపు, జనరేటర్‌కీ చెత్తకుండీకీ మధ్య కాదండోయ్! నట్టనడుమ.

మీరు బెంగపడకండి. ఇక్కడ మీ స్థానానికి ఢోకా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్‌లో, వికలాంగులకి సమాజంలో అందరిలా బతికే హక్కుందని, అందుకు సాయం చేసే మనిషి సేవలు కూడా అందాలని రాశారు. చక్కటి తెలుపు కాగితం మీద నల్లటి అక్షరాలు. పింఛను ఆంధ్రలో ఎక్కువమందికి 6,000, తెలంగాణలో 4,016. అది మందులకో అద్దెకో పోగా పొద్దునా సాయంత్రం మనిషిని పెట్టుకోవడం మా ఊళ్ళో అయ్యే పని కాదు. అయినా మన దగ్గర అటెండెంట్ ఉంటుంది లెండి. పేరు అమ్మ. జీతం లేదు, సెలవు లేదు, రాజీనామాకి వీల్లేదు. ఆవిడకి డెబ్బై దాటితే ఏమిటని అడిగామా, మీరు వెంటనే కళ్ళు తుడుచుకుంటారు. చర్చ ముగుస్తుంది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు మిమ్మల్ని కాస్త టెన్షన్ పెట్టింది. ర్యాంపులూ లిఫ్టులూ వగైరా నిబంధనలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో కోర్టు ముందుంచిన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంవాళ్ళే. ఇంటిదొంగలు!

అయినా మూడు చక్రాల బళ్ళ పంపిణీ సభలు ఉన్నంతకాలం మీకు పండగే. ఒకసారి నేనూ వెళ్ళాను. తొమ్మిదింటికి రమ్మన్నారు, ముఖ్య అతిథి ఒంటిగంటకి వచ్చారు. టాయిలెట్‌కి మూడు మెట్లు, కాబట్టి ఎవరం మంచినీళ్ళు ముట్టుకోలేదు. స్టేజీకి ఆరు మెట్లు, కాబట్టి లబ్ధిదారులందరం కింద. అతిథి దిగివచ్చి నా బండి హ్యాండిల్ మీద చెయ్యేశారు. ఫొటోగ్రాఫర్ "సార్, కొంచెం నవ్వండి" అన్నాడు. నేను నవ్వాను. "మీరు కాదు, సార్ నవ్వాలి" అన్నాడు. నేనెలా ఉండాలో మీరు ముందే చెప్పి ఉంచారన్నమాట.

ఇట్లు,
మీ పాత లబ్ధిదారుడు

తా.క. మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్. మనిషి కావాలి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, రాత్రి ఎనిమిది నుంచి పది. మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా దించాలో నేను చెప్తాను, చెప్పినట్టే దించాలి. ఏ చొక్కా వేసుకోవాలో సలహా అక్కర్లేదు. జీతం ఒకటో తారీఖునే. ఆదివారం సెలవు. ఆసక్తి ఉంటే మీరూ రావచ్చు, ముందు ఇంటర్వ్యూ ఉంటుంది. లిఫ్ట్ పనిచేయడం లేదు, మెట్లెక్కి రండి.