బిడ్డ డబ్బుకు వడ్డీ కన్నా తాళమే ముఖ్యం

అనంతపురం జిల్లాలో జూన్ వచ్చిందంటే రెండు ఖర్చులు ఒకేసారి మీద పడతాయి. ఒకపక్క బడులు తెరుస్తారు, ఇంకోపక్క విత్తనానికి వేళవుతుంది. 2025లో బడికెళ్లే పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాల్లో పడిందీ ఆ నెలలోనే. బిడ్డకు 15 వేలని లెక్క, అందులో 2 వేలు బడి నిర్వహణకు పట్టుకుని 13 వేలు వేశారు. కళ్యాణదుర్గం వైపో ఉరవకొండ వైపో ఒక మెట్ట రైతు ఇంట్లో ఆ 13 వేలు ఏమయ్యాయని అడగండి. కొంత ఫీజుకు, కొంత పుస్తకాలకు పోతుంది. మిగిలింది వేరుశనగ విత్తనకాయల ఖర్చు తినేస్తుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. సేద్యం నిలబడితేనే కదా చదువు సాగేది. కానీ బిడ్డ పేరున వచ్చిన డబ్బు పెద్దవాళ్ల అవసరానికి ఎంత సులువుగా జారిపోతుందో ఇక్కడే కనిపిస్తుంది.

పిల్లల భవిష్యత్తు కోసం పొదుపు అనగానే టీవీల్లో, యూట్యూబ్‌లో చెప్పేది ఒకటే మాట: నెలనెలా సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో వాయిదాగా పెట్టే డబ్బు) కట్టండి, ఎక్కువ రాబడి వచ్చేది ఎంచుకోండి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడికి ఆ సలహా సరిపోతుంది. ఒకటో తారీఖు జీతం పడుతుంది, ఐదో తారీఖు సిప్ కట్ అవుతుంది. శనక్కాయ రైతుకు డబ్బు కనిపించేది కాయ ఒలిచి అమ్మినాక, ఏడాదికి ఒకసారి. అదీ వాన కరుణిస్తే. రాయలసీమలో బిడ్డల డబ్బుకు తక్కువ వడ్డీ వల్ల జరిగే నష్టం కన్నా, మధ్యలో తీసేయడం వల్ల జరిగే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. అందుకే ఏ పథకమైనా ముందు చూడాల్సింది వడ్డీ ఎంతని కాదు, తాళం ఎంత గట్టిదని.

వడ్డీ సంగతి పక్కన పెట్టేయమని కాదు. మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో ఎవరు మాట్లాడతారు? నూటికి నెలకు ఎన్ని రూపాయలనేదే లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆడబిడ్డల పేరున పోస్టాఫీసులో కట్టే ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధి యోజన ఇచ్చే 8.2 శాతాన్ని ఆ లెక్కలోకి మారిస్తే నూటికి 68 పైసలు. 'నేను రెండు రూపాయలకు తెచ్చుకుంటా ఉంటే, నన్ను 68 పైసలకు పోస్టాఫీసులో పెట్టమంటావా అన్నా?' అని రైతు అడిగితే ఏం చెప్తాం? అతని లెక్కే కరెక్టు. ముందు ఆ అప్పు తీర్చాల్సిందే. చిక్కేమిటంటే, అప్పు పూర్తిగా తీరాకే పొదుపు మొదలుపెడదామనుకుంటే మెట్టసేద్యంలో ఆ రోజు రాదు. ఈలోగా బిడ్డ ఇంటర్‌కు వచ్చేస్తుంది. కాబట్టి అప్పుకు పెద్ద వాటా, బిడ్డకు చిన్న వాటా, రెండూ పక్కపక్కనే నడవాలి. వడ్డీ లెక్కలో ఇది నష్టమే. అయినా తప్పదు.

తాళం ఎందుకు కావాలో చీని (బత్తాయి) తోటల్లో చూడొచ్చు. ఎనిమిదేళ్లు పెంచిన చెట్లు, కాపు మీదున్నాయి. ఏప్రిల్‌లో బోరు నీళ్లు సన్నగిల్లుతాయి. కొత్త బోరు వేయకపోతే తోట ఎండుతుంది. పాయింటు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, అది నిటారుగా లేచిన చోట గుర్తు పెడతాడు. లారీ వస్తుంది. ఆరు వందల అడుగులకు తడి లేదు, ఎనిమిది వందలకు దుమ్మే. 'ఇంకో వంద పోనీ' అన్న ప్రతిసారీ ఇంట్లో ఒక వస్తువు కదులుతుంది. మొదట భార్య గాజులు బ్యాంకులో కుదువకు పోతాయి. తర్వాత చీటీ పాడేస్తారు. ఆఖరికి కూతురి పేరున నెలనెలా కడుతున్న ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) తీస్తారు. అక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. కళ్ల ముందు తోట ఎండుతుంటే, పదేళ్ల తర్వాత కట్టాల్సిన ఫీజు ఎవరికి గుర్తుంటుంది? తీయడానికి వీలుంటే తీస్తారు. నేనైనా తీస్తాను.

2015 జనవరిలో మొదలైన సుకన్య ఈ పరిస్థితికి తగినట్టుంది. ఆడబిడ్డకు పదేళ్లు నిండకముందే ఖాతా తెరవాలి, ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర కట్టొచ్చు. నెలనెలా కట్టాలన్న నియమం లేదు. శనక్కాయ అమ్మినాక ఒక్కసారే కట్టొచ్చు. పంట పోయిన ఏడు 250 కట్టి ఖాతా బతికించుకోవచ్చు. అదీ మరిచిపోతే 50 రూపాయల జరిమానాతో తిరిగి తెరుచుకోవచ్చు. కట్టాల్సింది 15 ఏళ్లు, గడువు తీరేది 21 ఏళ్లకు. దీని మీద అప్పు ఇవ్వరు, అంటే బోరు లారీకి ఇది అందదు. బిడ్డ పది పాసైతే లేదా 18 నిండితే చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. పది పాసవడమే హద్దుగా పెట్టడం మన ప్రాంతానికి బాగా కలిసొచ్చింది. ఇక్కడి ఇళ్లకు మొదటి పెద్ద దెబ్బ ఇంజనీరింగ్ కాదు, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ ఫీజు.

అలాగని దీన్ని కామధేనువు అనుకోకూడదు. ఏడాదికి 12 వేల చొప్పున 15 ఏళ్లు కడితే 1.8 లక్షలవుతుంది. వడ్డీ 8.2 శాతమే కొనసాగితే గడువు నాటికి చేతికొచ్చేది సుమారు 5.5 లక్షలు. ఏజెంటు అక్కడితో ఆపేస్తాడు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, 21 ఏళ్ల తర్వాతి ఆ 5.5 లక్షలకు ఈరోజు కొనే శక్తి 1.6 లక్షలు మాత్రమే. వడ్డీ కూడా రాతి మీద రాసింది కాదు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 9.1తో మొదలై మధ్యలో 7.6కు దిగి, 2024 జనవరిలో 8.2కు వచ్చింది. కాబట్టి డిగ్రీ చదువంతా దీంతోనే గట్టెక్కుతుందని లెక్కేసుకుంటే పొరపాటే.

ఈ మాట అనగానే బంగారం వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరు వాళ్లు నవ్వుతారు, వాళ్లకు నవ్వే హక్కుంది. 2015 మొదట్లో పది గ్రాముల బంగారం 27 వేల దరిదాపుల్లో ఉండేది. పదేళ్లు తిరిగేసరికి లక్ష దాటింది. సుకన్య దాని పక్కన నిలబడలేదు. ఇదే బంగారం 2012లో 31 వేలుంటే 2018లోనూ 31 వేలే, ఆ ఆరేళ్లు కదల్లేదన్న సంగతి ఇప్పుడెవరికీ గుర్తు లేదు. అయినా నా అభ్యంతరం ధర మీద కాదు. బిడ్డ కోసమని కొన్న నగకు తరుగు, మజూరీ ముందే పోతాయి. ఇక కుదువ పెట్టడం అంత తేలికైన వస్తువు ఇంట్లో ఇంకోటి ఉండదు. బంగారం మంచిదే, తాళం లేదంతే.

చీటీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రిజిస్టర్ కాని చీటీలో పిల్లల డబ్బు పెట్టొద్దు. అగ్రిగోల్డ్ చీటీ కాదు గానీ, అందులో డిపాజిట్లు కట్టినవాళ్లు కూడా చిన్న మొత్తాలు చేతికి రావడానికే ఏళ్ల తరబడి ఎదురుచూశారు. మగబిడ్డలకు సుకన్య లేదు గానీ పీపీఎఫ్ (ప్రభుత్వ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా) ఉంది, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం, 15 ఏళ్ల గడువు. 2024 సెప్టెంబరులో వచ్చిన ఎన్‌పీఎస్ వాత్సల్య పిల్లల పేరున తెరిచే పింఛను ఖాతా, దాని అసలు ఉద్దేశం బిడ్డ ముసలితనానికి ఆసరా. ఇంటర్ ఫీజుకే ఆపసోపాలు పడే ఇంటికి అది ఇప్పుడే అవసరమా అని నా సందేహం. పదేళ్లకు మించి ఆగగలిగి, రాబడిలో నిలకడ ఉన్న ఇల్లయితే కొంత భాగం ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) పెట్టాలి, ధరల పరుగును అందుకునే అవకాశం అక్కడుంది. కానీ దాన్ని ఫోన్‌లోనే అమ్మేయొచ్చని మరవకూడదు.

పిల్లల పాలసీలు అమ్మేది మన బంధువో, మన బడి సారో అయి ఉంటారు. మొహమాటంతో తీసుకుంటాం. వాటిలో ఒక మంచి గుణం ఉంది: కట్టే తండ్రి పోతే మిగతా ప్రీమియాలు కంపెనీయే భరించే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. ఆ రక్షణను తండ్రి పేరున టర్మ్ పాలసీతో (పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే బీమా) చాలా తక్కువ ఖర్చులో తెచ్చుకోవచ్చు. ఆదాయ పత్రాలు చూపలేని రైతుకు టర్మ్ పాలసీ ఇవ్వడానికి కంపెనీలు సతాయిస్తాయి, నిజమే. అప్పుడు కనీసం ఏడాదికి 436 రూపాయల కేంద్ర ప్రభుత్వ జీవన్ జ్యోతి బీమా అయినా ఉండాలి. దాంతో వచ్చేది 2 లక్షలే. కానీ ఆ ఇంట్లో ఆ రోజుకు 2 లక్షలు చిన్న మొత్తం కాదు.

ఇవన్నీ ఇంటివాళ్లు చేసుకోగలిగినవి. ప్రభుత్వం తలచుకుంటే చేయగలిగింది ఒకటుంది. తల్లికి వందనంలో బడి నిర్వహణకని 2 వేలు ఎవర్నీ అడక్కుండానే పట్టుకుంటున్నారు. తల్లి తనంతట తాను కావాలంటే ఇంకో వెయ్యో రెండు వేలో బిడ్డ సుకన్య ఖాతాకో పీపీఎఫ్‌కో నేరుగా మళ్లించే వీలు కల్పించాలి. వివరాలు గ్రామ సచివాలయంలో ఎలాగూ నమోదు చేస్తున్నారు, దరఖాస్తులో ఒక గడి పెంచితే చాలు. జూన్‌లో చేతికందాక విత్తనకాయలకు కాకుండా పోస్టాఫీసుకు తీసుకెళ్లమనడం ఆ తల్లికి కష్టమైన పని. చేతికి రాకముందే బిడ్డ ఖాతాకు పోతే ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.