విశాఖ సముద్రాన్ని కొలిచిన మనిషిని ఏ స్కోరుతో తూచాలి?

మార్చి నెలాఖరులో లాసన్స్ బే దగ్గర నీళ్లలో కాళ్లు పెడితే ఒక్కోసారి ఒళ్లు జల్లుమంటుంది. పైన ఎండ మాడుస్తున్నా నీళ్లు మాత్రం చల్లగా తగులుతాయి. విశాఖలో పెరిగిన మాకు చిన్నప్పుడు ఇది వింతగా అనిపించలేదు. సముద్రం కదా, చల్లగానే ఉంటుంది అనుకునేవాళ్లం. కింది పొరల్లోని నీరు ఈ రోజుల్లో మన తీరం దగ్గర పైకి ఉబికి వస్తుందని కొలిచి చెప్పినవారు అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్.

ఆయన 1952లో ఫుల్‌బ్రైట్ (అమెరికా ప్రభుత్వ విద్యా మార్పిడి పథకం) ప్రొఫెసర్‌గా ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చారు. 1955లో మళ్లీ వచ్చారు. ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది 1966లో, అంటే ఇదంతా దానికి పదేళ్లు ముందు మాట. నేవీ ఓడల మీద విద్యార్థులను వెంటబెట్టుకుని బంగాళాఖాతంలోకి వెళ్లేవారు. చేతిలో ముఖ్యమైన పనిముట్టు బాతీథర్మోగ్రాఫ్. చూడ్డానికి చిన్న టార్పెడోలా, రెండు మూరలకు కాస్త తక్కువ పొడవుంటుంది. లోపల అగ్గిపెట్టెలో పట్టేంత గాజు పలక, దాని మీద పల్చటి పూత. తీగ కట్టి నీళ్లలోకి వదిలితే, లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి పలక ఒకవైపు జరుగుతుంది. వేడి తగ్గేకొద్దీ సన్నటి ముల్లు ఇంకోవైపు కదులుతుంది. పైకి లాగి చూస్తే పలక మీద వెంట్రుకంత సన్నటి గీత మిగులుతుంది. ఏ లోతులో నీరు ఎంత వేడిగా ఉందో ఆ గీతే చెప్పాలి. ఊగుతున్న డెక్కు మీద, తడి చేతులతో, ఆ గీత చెరిగిపోకుండా పలకను బయటికి తీయడం ఎంత ఓపిక పనో ఊహించుకోవచ్చు.

ఆ గీతలను బట్టి తేలింది ఇది. ఎండాకాలంలో గాలి నైరుతి నుంచి మన తీరం వెంబడే వీస్తుంది. భూభ్రమణం వల్ల పై నీరు గాలికి కుడివైపుకి, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి కింది నుంచి చల్లటి, పోషకాలున్న నీరు వస్తుంది. అక్టోబరు తర్వాత గాలి తిరగబడితే అంతా తలకిందులై, ఒడ్డు దగ్గర నీరు కిందికి దిగుతుంది. తూర్పు తీరంలో ఈ ఉబుకు, దిగుడు మీద ఆయన వ్యాసం 1954లో యూనివర్సిటీ తన సొంత మెమోయిర్స్ (పరిశోధన వ్యాసాల) సంపుటంలో అచ్చువేసింది.

నా బాధ ఇక్కడే మొదలవుతుంది. ఇవాళ సైంటిస్టును సైటేషన్లతో, అంటే తన వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్కతో, ఆ లెక్క నుంచే తీసే, 2005లో వచ్చిన హెచ్-ఇండెక్స్ అనే స్కోరుతో తూస్తున్నారు. వాల్తేరులో అచ్చయిన 1954 నాటి సంపుటం అలాంటి లెక్కల్లో ఎంత కనిపిస్తుంది? ఆ స్కోరు చూసి ఆయన ప్రభావం ఇంతే అనుకుంటే మనం పూర్తిగా పొరబడినట్టే.

తర్వాతి వాళ్లు ఆయన మాటకు తలూపి ఊరుకోలేదు. ఆయన్ని సరిదిద్దారు కూడా. 1990ల్లో సముద్ర శాస్త్రవేత్త సతీశ్ షెట్యే బృందం తూర్పు తీరం ప్రవాహాన్ని పట్టుకుంది. అది నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరానికి, అక్టోబరు నుంచి దక్షిణానికి పారుతుంది. స్థానిక గాలి ఒక్కటే కాదు, భూమధ్యరేఖ దగ్గర గాలుల వల్ల పుట్టిన అలలు కూడా ఇక్కడి నీటిని కదిలిస్తాయని తేలింది. నదుల మంచినీరు పైపొరలా పరుచుకుని ఉబుకును అణచివేస్తుందనీ తెలిసింది. సరిదిద్దాలంటే ముందు ఎవరో ఒకరు కొలిచి ఉండాలి. నా దృష్టిలో అసలైన ప్రభావం అదే.

1963లో ఆంటన్ బ్రూన్ అనే అమెరికా పరిశోధన నౌక మీద ఆయన మళ్లీ బంగాళాఖాతానికి వచ్చారు. మరుసటి ఏడాది ప్రచురించిన వ్యాసంలో మన తీరం ఎదురుగా సముద్రగర్భంలోని మూడు లోయలను ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లతో వర్ణించారు. మహదేవన్ అంటే సి.వి. రామన్ దగ్గర పనిచేసి, ఇక్కడ జియాలజీ శాఖను నిలబెట్టిన ప్రొఫెసర్.

విశాఖ వాళ్లకు వీటన్నిటికంటే దగ్గరి పని ఇంకొకటుంది. అదే 1954లో ప్రసాదరావుతో కలిసి లఫాండ్ వాల్తేరు ఒడ్డున ఇసుక ఎప్పుడు కోతకు గురవుతుందో, ఎప్పుడు మళ్లీ మేట వేస్తుందో రాశారు. ఔటర్ హార్బర్ కట్టకముందు మాట ఇది. నైరుతి అలలు ఇసుకను ఉత్తరానికి నెట్టుకొస్తాయి. హార్బర్ గోడలు అడ్డంగా నిలిచాక ఆ ఇసుక అక్కడే ఆగిపోయింది, ఆర్కే బీచ్ ఆకలితో మిగిలింది. అందుకే పోర్టు డ్రెడ్జర్లు ఇసుక తవ్వి బీచ్ మీద పోయాల్సి వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక బీచ్ ఎంత పోయిందని అందరం గాబరా పడ్డాం. ఎంత పోయిందో చెప్పాలంటే మొదట ఎంత ఉండేదో తెలియాలి. ఆ పాత పేజీలకు విలువ అక్కడుంది.

యూనివర్సిటీ మెమోయిర్స్ 1954, 1958 సంపుటాలు రెండూ మన ఊరి ఆస్తి. రుషికొండలో బతికే జాలరి కొడుకైనా, ఎంఎస్సీ చదివే అమ్మాయైనా ఫోన్‌లో ఉచితంగా తెరిచి చదువుకోగలగాలి. పక్కనే తెలుగులో పది పేజీల వివరణ ఉండాలి. దీనికి ఒక స్కానర్, ఇద్దరు విద్యార్థులు, ఒక వేసవి సెలవు చాలు.