బూడిద అనే మహాభాగ్యం

ఇటీవల ఒక సదస్సులో వేదిక వెనుక ఫ్లెక్సీ మీద 'బూడిద వ్యర్థం కాదు, వనరు' అని చదివిన నాటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం పక్క ఊళ్లో ఇన్నేళ్లుగా కాపురముంటూ, డాబా మీది వడియాల మీదా, దండెం మీది పంచెల మీదా, మూత మరిచిన పెరుగు గిన్నెలోనూ ఇంతటి జాతీయ సంపద ఉచితంగా వచ్చి వాలుతుంటే, చీపురుతో ఊడ్చి పారబోసిన అజ్ఞానులం మేము.

ముఖ్యవక్త, ఒక కర్మాగారపు వ్యర్థం మరొకదానికి ముడిసరుకయ్యే పట్టణమని చెబుతూ, డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్‌ను తెర మీద చూపించారు. అక్కడ విద్యుత్ కేంద్రపు ఆవిరి పక్క కర్మాగారాలకూ, పొగను శుద్ధి చేయగా వచ్చిన జిప్సం గోడపలకల తయారీకీ పోయేవట. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే గనుక మన భాగ్యం మరింత పెద్దదని ఆయన సెలవిచ్చారు. శాస్త్రాన్ని నేను తప్పుపట్టను. పొజొలానా అనే రకం సిమెంటులో 35 శాతం దాకా బూడిద కలపవచ్చు. ఈ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకకు పొలం మట్టీ అక్కరలేదు, బట్టీ అక్కరలేదు.

అయితే ఈ సత్యాన్ని అందరికన్నా గాఢంగా నమ్మినవారు మన నాయకులు. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ కేంద్రపు బూడిదను తాడిపత్రి వైపు సిమెంటు కర్మాగారాలకు ఎవరి లారీలు తోలాలన్న తగవు ముదిరి, పోలీసులు కాపలా కాసి, పంచాయితీ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఆ ఘట్టాన్ని నేను తరచూ ఊహించుకొంటాను. ఒక అనుచరుడు చిటికెడు బూడిద నాలుక కొసన వేసుకొని "అన్నా, ఇది మనదే" అని నిర్ధారిస్తాడు. ఎదుటి వర్గంవాడు అదే బూడిదను నుదుట పూసుకొని శివుడి మీద ఒట్టు వేస్తాడు. నడుమ ఎస్సైగారు వేబ్రిడ్జి చీటీ పట్టుకొని, అది విభూతో సాక్ష్యమో తేల్చుకోలేక, టోపీ దులుపుకొంటూ నిలబడతారు.

మా బూడిద కోసం మాత్రం ఎవరూ చొక్కా చింపుకోరు. సిమెంటు వారు కోరేది ట్యాంకరులోకి నేరుగా దిగే సన్నని పొడి బూడిద. నీళ్లు కలిపి బూడిద చెరువుకు పంపి, ఏళ్ల తరబడి ఎండబెట్టి, వేసవి గాలికి మా మీదికి లేపే పాత సరుకును వనరని పిలిచే ధైర్యం ఫ్లెక్సీకి తప్ప ఎవరికీ లేదు. బూడిదను వాడి తీరాలని 1999లో కేంద్రం ఆదేశించింది. 2003, 2009, 2016లలో సవరించింది. చాలదన్నట్టు 2021 డిసెంబరు 31న మళ్లీ కొత్త ఆదేశం ఇచ్చింది. గడువులకు గడువులు పుట్టాయి, చెరువు గట్లు ఎత్తు పెరిగాయి.

2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి ప్రాంతంలో అలాంటి గట్టొకటి తెగింది. ఆ బురదలో ఆరుగురు కొట్టుకుపోయి చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. ఏ పరిశ్రమకు ముడిసరుకయ్యారయ్యా ఆ పిల్లలు? గట్టు సరిగా కట్టడం చేతగానివారికి, లారీకి పట్టా కప్పించడం చేతగానివారికి, డెన్మార్క్ బొమ్మలు చూపించడానికి నోరెలా వస్తుంది?

నేనీ ప్రశ్న అడిగేలోపే భోజనాలకు లేపారు. వచ్చినవారందరికీ తలొక ఫ్లైయాష్ ఇటుకను రంగు కాగితంలో చుట్టి జ్ఞాపికగా ఇచ్చారు. దాన్ని మా ఇంటి అలమరలో పెట్టాను. మా ఆవిడ రోజూ పొద్దున్నే దాని మీది బూడిద తుడుస్తోంది.