ఏసీ అర్రల పండుకున్న ఈస్టు దొరవారికి

మహారాజశ్రీ ఈస్టు దొరవారి సముఖమునకు,

నల్లగొండ నుంచి ఇంటి ఓనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం అని మొదలువెట్టుడు ఆనవాయితీ. మా చిన్నోడు ఇంట్లనే బీరు చేస్తనని, దాన్ని పులియవెట్టే కంటికి కనవడని జీవి తమరే అని, తమరిని పిలిపిచ్చిండు. తమరు వేంచేసిన కాడికెల్లి మేం క్షేమంగ లేము. తమరు మాత్రం బాగనే ఉన్నరు. ఏసీ కింద, తెల్ల ప్లాస్టిక్ బకెట్ల, పైనుంచి మా పెండ్లినాటి రగ్గు కప్పుకొని, మూతకున్న గొట్టంల నుంచి బుడుక్కు బుడుక్కుమని గాలి ఇడుసుకుంట సల్లగ పండుకున్నరు.

తమరు మా ఇంట్ల దిగింది కొత్తల్లుడి హోదాల. తూకం చూస్తే 11.5 గ్రాములు. మా చిన్నోడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్, ఇప్పుడు ఇంటికాడి నుంచే కొలువు. కొరియర్ పిలగాని చేతిలకెల్లి ప్యాకెట్టు అందుకొని, ఫ్రిజ్‌ల కోడిగుడ్లన్నీ బయటవెట్టి ఆ అరల తమరికి జాగ ఇచ్చిండు. తమరి కోరికలు ప్యాకెట్టు మీదనే అచ్చేసి ఉన్నయి. 18 నుంచి 22 డిగ్రీల నడుమ ఉంచాల్నట. ఎండకాలం నల్లగొండల 22 డిగ్రీలా? రోహిణి కార్తెల ఈడ రోళ్లు పగులుతయి, పాదరసం 44, 45 ముడుతది. కట్నం కింద కారడిగిన అల్లుండ్లను చూసినం గని, వాతావరణం అడిగినోడివి నువ్వే మొదలు.

నువ్వు అన్న. ఇగ నువ్వే అంట. తిని పండుకునెటోనికి ఎన్నొద్దులని గౌరవం ఇయ్యాలె?

మా ఇంట్ల ఏసీ ఒక్కటే. అది మా అమ్మ పండుకునే అర్రల ఉన్నది. బకెట్టు లోపలికి పోయింది, ముసలామె మంచం వరండలకు వచ్చింది. ఆమెకో కూలర్, ఆ కూలర్‌ల నీళ్లు పోసే డ్యూటీ నాకు. నడిరాత్రి కరెంటు పోతే మేమంతా చెమటల తడుసుకుంట లేస్తే, మావోడు మమ్ముల దాటుకుంట ఉరికిండు. బకెట్టును నీళ్ల టబ్బుల దించి, తడి తువ్వాల చుట్టి, ఫ్రిజ్‌ల గడ్డకట్టిచ్చిన నీళ్ల సీసలు చుట్టూ పేర్చిండు. “బిడ్డా, అండ్లకెల్లి ఒక్క సీస నాకియ్యరాదు?” అన్నది మా అమ్మ. ఇయ్యలే. అవి లెక్కవెట్టి గడ్డకట్టిచ్చినయట.

నీ తిండి ముచ్చట చెప్పుకోవాలె. 20 లీటర్ల బీరుకని మావోడు 5 కిలోల మాల్టు తెప్పిచ్చిండు. బార్లీని మొలకెత్తిచ్చి ఎండవెట్టిన గింజ. దాన్ని పగలగొట్టనీకి మిషన్ వేరే ఉంటదట, అది మనకాడ లేదు. సంచి భుజాన ఏసుకొని గిర్నికి పోయినం. “గింజ రెండు మూడు పలుకులు కావాలె, పొట్టు మాత్రం నిండుగ ఉండాలె, పిండి కావద్దు” అని ఇంగ్లీషు, తెలుగు కలిపి గిర్నాయనకు చెప్పిండు. ఆయన ఎన్నో ఏండ్ల సంది జొన్నలు, గోధుమలు పట్టిన మనిషి. ఆయన చేతిల పడి పిండి గాకుండ ఎన్కకు మర్లిన గింజ లేదు. “రొట్టెకా, గటుకకా?” అని ఒక్కటే అడిగిండు. మావోడు జవాబు ఎతుక్కునే లోపల్నే రాయి తిరిగింది. పైగ మాకంటె ముందు ఎవరో మిరపకాయలు పట్టిచ్చుకపోయిండ్రు. నీకు పెట్టిన మొదటి బువ్వల నల్లగొండ కారం తగిలింది, గుర్తున్నదా?

పొట్టు ఎందుకు కావాల్నో పొయ్యికాడ తెలిసింది. మాల్టును 67 డిగ్రీల నీళ్లల్ల గంటసేపు నానవెడితే గింజల ఉన్న పిండిపదార్థం చక్కెరైతది. జర తగ్గితే బీరు పల్చనైతదట, జర పెరిగితే తీపి మిగుల్తదట. గంటైనంక ఆ తియ్య నీళ్లను పొట్టే జల్లెడై వడకట్టాలె. మా పొట్టంత పిండైపాయె. గంజు కిందున్న నల్లా తిప్పితే చుక్క రాలే. ఆఖరికి మా ఇంటామె పాత లుంగీ తెచ్చి, నేనొక కొస, మావోడొక కొస వట్టి పిండినం. మిగిలిన పిప్పి ఎనకింటి బర్రెకు పోయింది. ఈ మొత్తం తతంగంల కిక్కురుమనకుండ, వంక వెట్టకుండ, కడుపు నిండ తిన్నది ఆ బర్రె ఒక్కతే.

తర్వాత గంటసేపు మరగవెట్టుడు. అండ్ల హాప్స్ అనే చేదు పూలు. ఈ పూలు మన దేశంల హిమాచల్ లాహౌల్ లోయల పండుతయట గని, మావోనికి అమెరికావే కావాలె. ముందల ఏస్తే చేదు, ఆఖరుకు ఏస్తే వాసన. గా ఆఖరుకే బత్తాయి తొక్కు, దంచిన ధనియాలు గుడ ఏసిండు. బెల్జియంల నారింజ తొక్కు, ధనియాలు ఏసి గోధుమ బీరు చేస్తరు. నారింజ ఎందుకు, మన నల్లగొండ బత్తాయి ఉండంగ అని మావోని ఆలోచన. జిల్లా అభిమానానికి మెచ్చుకున్న. మా ఇంటామెకు ధనియాల వాసన తగలంగనే కరివేపాకు రెబ్బ తెంపుకొచ్చి చేతిల వెట్టింది. వాడు దండం పెట్టిండు.

నీళ్ల ముచ్చట ఒకటి ఉన్నది, అది నవ్వి ఇడిసే ముచ్చట గాదు. నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటే బీరుకు మందుల వాసన వస్తదని మావోడు క్యాన్ల నీళ్లు తెచ్చి, కాల్షియం ఎంత, సల్ఫేట్ ఎంత అని కాయిదం మీద లెక్క గట్టిండు. ఏ ఊరి నీళ్లకు ఏ తీరు బీరు అన్నది దునియాల పెద్ద శాస్త్రమట. అరే, నీళ్ల శాస్త్రం మాకు చెప్పాల్నారా! ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టిండ్రు నాగ్‌పూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి తేర్చుడు. పేరు దునియా అంత పోయింది. మర్రిగూడ, నాంపల్లి దిక్కు మాత్రం ఏండ్లకు ఏండ్లు మనుషుల బొక్కలు వంగుడు వంగుతనే ఉండె. బోరు నీళ్లను కాగవెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లే తగ్గుతయి. బీరు మంచిగ పులియనీకి నీళ్లను ఇంత పరీక్ష చేసిన చదువు, మా చిన్నప్పుడు మనిషి తాగే బిందె కాడికి ఎందుకు రాలేదో నువ్వు చెప్పలేవు. నిన్ను అడుగుడు గుడ తప్పే.

నీ వంశం గురించి మావోడు రోజూ చెప్తుండె. 1516ల బవేరియా దొరలు బీరుల బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకోటి ఉండొద్దని హుకుం ఇచ్చిండ్రు. ఆ హుకుంల నీ పేరు లేదు. పనంత చేసేటోడివి నువ్వు, రేషన్ కార్డుల పేరు మాత్రం లేకపాయె. 1876ల లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకమే రాసి నీ యవ్వారం బయటవెట్టిండు. 1883ల కోపెన్‌హేగన్‌ల ఎమిల్ హాన్సెన్ ఒక్క కణాన్ని పట్టి, దాంతోనే వంశం పెంచిండు. గప్పటికెల్లి నీకు గోత్రం వచ్చింది, నంబరు వచ్చింది, ప్యాకెట్టు వచ్చింది. మా ఇంట్ల ఏడు తరాల పేర్లు చెప్పేటోడు లేడు. నీ తాతముత్తాతలు మాత్రం మావోనికి కంఠపాఠం.

అయితే నీ చుట్టాలు ఈ ఊర్ల ఎప్పటికెల్లి ఉన్నరో నీకు తెలుసునా? పానగల్లు దిక్కు తాళ్లల్లకు పోయి చూడు. మా దోస్తు గౌడన్న మోకు, ముత్తాదు ఏసుకొని పొద్దుగాల తాడెక్కి గెల కొస గీస్తడు. లొట్టిల పడే నీరు పడ్డప్పుడు తియ్యగ ఉంటది. గాలికి, పురుగుకు, లొట్టి అడుగున నిన్నటి మడ్డికి అంటుకొని నీ జాతోళ్లే వస్తరు. శాకరోమైసిస్ సెరివిసియే, మీ ఇద్దరి ఇంటిపేరు ఒక్కటే. పొద్దెక్కే వరకు కల్లు తయార్. మత్తు గుడ బీరుకు కొంచెం అటు ఇటుగ ఉంటది. ఆళ్లను రాకుండ ఆపాల్నంటే, నీరా తియ్యగ ఉండాల్నంటే, లొట్టికి లోపల సున్నం పుయ్యాలె. అంత హుషారు మీ వాళ్లు. నువ్వేమో ఏసీల వారాలకు వారాలు పండుకొని, గాలి ఇడుసుడు తగ్గితే ‘పని అయిపోయింది’ అంటవ్.

మరి ఆ చుట్టానికి మర్యాద ఏది? లొట్టి అడుగున మడ్డి చూసి “హైజీన్ లేదు నాన్నా” అన్నడు మావోడు. నీ బకెట్టు అడుగున అదే మడ్డి బెత్తెడు పేరుకుంటే ఎంత ముద్దుగున్నదో చూడమని ఫొటో తీసి దోస్తులకు పంపిండు. వాణ్ని ప్లాస్టిక్ కవర్ల పోసి ముడేసి ఇస్తరు. నీకు మూతికి తీగె బిగిచ్చిన గాజు సీసలు. తాడి మీద నుంచి పడి నడుము ఇరిగిన గీత కార్మికులు మా దిక్కు ఊరికొకరు ఉన్నరు. నీ కోసం మావోనికి అయిన గాయమల్ల, గంజు తగిలి వేలు కాలుడే. దానికి వారం సెలవు పెట్టిండు.

కల్లు కల్తీ గాదా అంటవేమో. అయితది, కాదన. పాలమూరు దిక్కు దుకాన్లల్ల డైజోపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు ఎన్ని ఇండ్లు ఆర్పిందో ఆడోళ్లను అడిగితే చెప్తరు. ఆ కల్లు దొరకని రోజు తాగేటోళ్లు పిచ్చి పిచ్చిగ చేసుకుంట దవాఖానల్ల చేరిండ్రు. గని ఆ నీళ్లకు తాడు లేదు, గౌడు లేడు, నీ చుట్టం గుడ లేడు. ఉత్త పౌడర్. దాని పాపం లొట్టి నెత్తిన వెట్టొద్దు.

నీ పనితనం ముచ్చటకొస్తున్న. ఇంత మర్యాద చేస్తే ఏం చేసినవ్? ఒకనాడు పొద్దుగాల పోయిన కరెంటు పొద్దూకే వరకు రాలే. బకెట్టు వేడెక్కింది. నీకు వేడి తగిల్తే తొందర ఎక్కువైతదట, ఆ తొందరల పనికిరాని ఆల్కహాల్లు, పండ్ల వాసనలు పుట్టిస్తవట. మూత తీస్తే ఒక దిక్కు మురిగిన అరటిపండు, ఇంకో దిక్కు మా కోడలు గోర్ల రంగు తుడిసే మందు. చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ మాత్రం మావోణ్ని మెచ్చుకున్నది. మొదలు 1.048 ఉన్నది 1.012కు దిగింది, అంటే ఆల్కహాల్ 4.7 శాతం. మార్కులు వచ్చినయి, చదువు రాలే.

గౌడన్నను పిలిచి గిలాస చేతికిస్తే, ముందు మూతికాడికి తీస్కపోయి వాసన చూసిండు. గుటకేసి జరసేపు నోట్లె ఆపిండు. “మంచిగనే పులిసింది పటేలా. ఎండకు తొందరపడ్డది. బిందెను నీడకు వెట్టకపోయిండ్రా?” అన్నడు. నీడ! మా అమ్మ వరండల కెల్లి ఎంత నవ్విందో నువ్వు ఇనే ఉంటవ్.

అప్పుడొచ్చిండు పక్కింటి వకీలు సాబ్. గిలాస వాసనకు వచ్చి, గిలాసను చూసి ఎనకకు జరిగిండు. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండ మద్యం తయారు చేసుడు నేరమట. అమ్మినా నేరమే, ఇంట్ల మనం మనం తాగుదామని చేసినా నేరమే. మావోడు ఫోన్ల అమెరికాయన వీడియో చూపిచ్చిండు. ఆ దేశంల 1978ల కార్టర్ సంతకం పెట్టిండు, ఇంట్ల ఇద్దరు పెద్దోళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాక చేసుకోవచ్చు. 750 లీటర్లకు పైనే అన్నట్టు. “బాబూ, వీడియో ఆ దేశంల తీసిండ్రు, నువ్వు బకెట్టు ఈ దేశంల వెట్టినవ్” అన్నడు వకీలు సాబ్. ఫీజు తీసుకోలే.

ఆ 20 లీటర్లు ఏమైనయో ఈ ఉత్తరంల రాయను. ఇది బహిరంగ లేఖ, ఆబ్కారోళ్లకు గుడ కండ్లుంటయి. ఇంటెనక బత్తాయి చెట్టుకు పోసినమని రాసుకో. చెట్టు ఎందుకు గట్ల ఊగుతుందని అడిగితే, గాలి.

నీకు మిగిలిన జాగ ఇప్పుడు ఫ్రిజ్‌ల, ఆవకాయ జాడి పక్కన, ఒక చిన్న సీస. వచ్చే నెల మళ్ల బకెట్టు దించుదామని మావోడు నిన్ను దాచిపెట్టుకున్నడు. మా ఇంటామె వేరే తీర్మానం చేసింది. ఐతారం మా ఆడబిడ్డ పిల్లలొస్తున్నరు, నిన్ను మైదపిండిల కలిపి బన్నులు చేస్తదట. కొంచెం నిదానంగ పొంగుతవ్ గని పొంగుతవని ఆమెకెవరో చెప్పిండ్రు. బన్నుకు లైసెన్సు అక్కర్లేదు, వకీలు సాబ్‌ను ముందే అడిగినం. ఆయనకు ఆరు కావాల్నట.

ఇట్లు,
ఇల్లు తనదే అనుకుంటున్న ఓనరు